పెద్దమ్మ వాడిన నీళ్ళు

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చోగానే పొట్టి తన లెక్క విప్పింది. పదేళ్ళ పిల్ల. ఎత్తు తక్కువని ఇంట్లో ఆ పేరు పెట్టారు గానీ, నోరు మాత్రం పొట్టి కాదు.

వాళ్ళ వీధికి నీళ్ళ ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తోంది. పెరట్లో డ్రమ్ము నింపుకుంటే మర్నాడు సాయంత్రానికే అడుగంటుతోంది. అందుకే, ఇంట్లో ఎవరు ఎన్ని నీళ్ళు వాడుతున్నారో అంచనా వేసి రమ్మంది టీచర్. పొట్టి పొద్దున్నుంచీ పెరటి మెట్ల మీదే కాపలా కూర్చుంది. డ్రమ్ములో బకెట్ ఎవరు ముంచితే వాళ్ళ ఖాతాలో వేసేసింది.

"అమ్మ రెండు, నాన్న రెండు, నేను ఒకటి. పెద్దమ్మ పది! నీళ్ళన్నీ పెద్దమ్మే అవగొడుతోంది నాన్నా."

నాన్న ఫోన్‌లోంచి తలెత్తకుండానే, కాస్త చూసి వాడుకుంటే మంచిదన్నాడు. అమ్మ విననట్టు వడ్డిస్తూ ఉండిపోయింది.

పెద్దమ్మంటే అమ్మకు సొంత అక్క. పెదనాన్న పోయాక వీళ్ళింటికొచ్చి ఉంటోంది. ఒకరింట్లో ఉంటున్నానన్న బెరుకు ఆవిడకు ముందే ఉంది. ఇప్పుడు తల కొట్టేసినట్టయింది పాపం. సగంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

మర్నాటి నుంచి పెద్దమ్మ డ్రమ్ము జోలికి పోలేదు. మాసిన బట్టలు మూటగట్టుకుని వీధి చివర ఉప్పునీళ్ళ బోరు కుళాయి దగ్గరికి వెళ్ళేది. అక్కడే ఉతికి, తడి మూట మోసుకొచ్చేది. ఎందుకక్కా ఈ అవస్థ అని అమ్మ అడిగితే, అక్కడ నలుగురూ కనబడతారు, కాలక్షేపం అని అబద్ధమాడింది. పొట్టి మాత్రం తన లెక్క వల్లే నీళ్ళు మిగులుతున్నాయని బడిలో గొప్పలు పోయింది.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఈ ఇంట్లో రెండూ అయ్యాయి. శుక్రవారం కుళాయి దగ్గర నాచు మీద పెద్దమ్మ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పినా ఆ చెయ్యి మునుపటిలా తిరగకపోవచ్చని డాక్టర్ చెప్పాడు.

అమ్మా నాన్నా ఆస్పత్రిలో ఉండగా, పక్కింటావిడ బురదైన ఆ మూట తెచ్చి పెరట్లో పెట్టింది. పొట్టి ఉతకడానికి కూర్చుంది. తన స్కూల్ యూనిఫాం మురికి వదలడానికే ఒక బకెట్ అయిపోయింది. నాన్న గ్యారేజీ ప్యాంట్లకు గ్రీజు మరకలు. ఎన్ని నీళ్ళు పోసినా పోవే! తర్వాత అమ్మ బట్టలు, దుప్పట్లు, మళ్ళీ తన సాక్సులు. ఇన్నింటిలో పెద్దమ్మది ఒక్క జతే ఉంది. అది చేతిలో పట్టుకుని పొట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

వాళ్ళు ఇంటికి రాగానే నాన్న ముందు నిలబడింది.

"నేను తప్పు లెక్క వేశాను నాన్నా. ఆ పది బకెట్లూ పెద్దమ్మవి కావు. మన బట్టలవి."

పెద్దమ్మ, పోనీలే తల్లీ, చిన్నపిల్లవి అంది. కానీ ఆవిడ పొట్టి ముఖంలోకి చూడలేదు.

మర్నాడు పెద్దమ్మకు స్నానం తనే చేయిస్తానని పొట్టి పట్టుబట్టింది. డ్రమ్ములో బకెట్ ముంచుతుంటే వెనకనుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"సగం చాలమ్మా. మళ్ళీ మీకు తక్కువవుతాయి."

పొట్టి ఆ మాట వినిపించుకోలేదు. బకెట్ నిండా ముంచి, రెండు చేతులా ఈడ్చుకొచ్చింది. కట్టు తడవకుండా పెద్దమ్మ చేతిని తన భుజం మీద పెట్టుకుంది. చెంబుతో మెల్లగా ఆవిడ వీపు మీద నీళ్ళు పోసింది. పెద్దమ్మ చాలు, చాలు అంటూనే ఉంది. బకెట్ ఖాళీ అయ్యేదాకా పొట్టి పోస్తూనే ఉంది.