గులాబీ కుండీలు తవ్విందెవరు?

మీరే! కుక్కపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మూతి మీద ముద్దులు పెట్టి, వీధి వీధంతా తిప్పి చూపించి, నెల తిరక్కుండా దాన్ని ఇంటి ఆడమనిషి నెత్తిన పడేసి పోయారు చూడండీ... మీరే! పరుపు చింపింది కుక్క అంటారు. తలుపు గీకింది కుక్క అంటారు. తోట తవ్వింది కుక్క అంటారు. దాన్ని తెచ్చిన చేతులకు మాత్రం మట్టి అంటదు! ఒక ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, వినండి. విన్నాక మీ ఇంటి తలుపు వెనక్కి ఒకసారి వెళ్లి చూసుకోండి.

"ఇది ఉండాలో నేనుండాలో ఇవాళ తేల్చండి!"

పొద్దున్నే పెరట్లోంచి వచ్చిన ఆ కేకకు బస్సు డ్రైవరు ముఖం నిండా సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు అతనికి సెలవు. పెరట్లో భార్య మోకాళ్ల మీద కూలబడి ఉంది. ఆమె చుట్టూ పదమూడు గులాబీ కుండీలు బోర్లా పడి ఉన్నాయి! వేళ్లు పైకి, ఆకులు కిందికి... మధ్యలో ముక్కు నిండా మట్టితో, తోక ఊపుకుంటూ, ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడి ఉంది గునపం!

అవును, ఆ కుక్క పేరే గునపం. తవ్వడం మొదలుపెట్టాక అత్తగారు తిట్టిన తిట్టు పాత పేరును మింగేసి అలాగే పేరైపోయింది.

అవి మామూలు కుండీలు కావండీ! అడవి గులాబీ కాండానికి బ్లేడుతో గాటు పెట్టి, మేలురకం గులాబీ మొగ్గ చెక్కును అందులో దూర్చి, ఊపిరి బిగబట్టి పట్టీ చుడుతుంది ఆమె. చెయ్యి వెంట్రుకవాసి వణికినా మొగ్గ చచ్చినట్టే. అలా అంటు కట్టిన మొక్కల్ని పెంచి నర్సరీకి పంపడమే ఆమె పని. ఇంట్లో అందరి పనీ అయ్యాక, అందరూ వదిలేసిన గంటల్లో చేసుకునే పని... ఆ పదమూడింటిలో ఏడు కిందటి నెలే చిగురు వేశాయి. ఆ చిగుళ్లను చూసి ఆమె చిన్నపిల్లలా గంతులేసింది. ఇప్పుడవి మట్టిలో!

"పంపించేస్తాను, సరేనా? ఏడవకు!" అన్నాడు డ్రైవరు. "మా కండక్టరు అన్నగారి గోడౌన్‌కి కాపలా కుక్క కావాలట. నాలుగింటికల్లా వ్యాన్ తెమ్మంటాను."

"నాన్నా, వద్దు నాన్నా! అక్కడ పగలంతా గొలుసుతో కట్టేస్తారంట!" ఎనిమిదేళ్ల కూతురు కుక్క మెడ పట్టుకుని వేలాడింది. "అమ్మా! నువ్వు చెప్పమ్మా! దానికి తెలీదమ్మా!"

"పోనీవే! పీడ వదులుతుంది!" గదిలోంచి అత్తగారి గొంతు. "మూడ్రోజులైంది, నా మందు చెంచా కూడా అదే ఎత్తుకుపోయింది దొంగముండ!"

అన్నదే గానీ, ఎప్పుడూ ఇలాంటప్పుడు ఎవరినో ఒకరిని పిలిచి లేపించుకుని, కర్ర పట్టుకుని బయటికొచ్చే ఆ ముసలావిడ, ఆ రోజు గడప దాటలేదు.

గునపాన్ని స్తంభానికి కట్టేశారు. మధ్యాహ్నం ఎండలో ఆమె ఒక్కతే కూర్చుని, ఒక్కో మొక్కనూ మళ్లీ నాటడం మొదలుపెట్టింది. కన్నీళ్లు తుడుచుకుందామంటే చేతులనిండా మట్టి. అప్పుడు చూసింది... పక్కనే టమాటా మడి. దాని మీద ఒక్క గోటి గీత లేదు! ఆ పక్కన మిరప, దాన్నీ ముట్టుకోలేదు. తవ్వినవన్నీ గులాబీలే. నెలరోజులుగా గులాబీలే!

గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. నీచు వాసన! మట్టిలో తెల్లతెల్లగా పొడి. ఎముకల పొడి, ముదిరిన మొక్కలకు వేసే ఎరువు! కొత్తగా కట్టిన అంటుకు ఆమె ఏ ఎరువూ వెయ్యదు. మరి ఇదెవరు వేశారు? ఆ గుప్పెడు మట్టి చూడగానే గునపం గొలుసు తెగేలా ఎగిరింది! ఎముక ఎక్కడో లోపల ఉందనుకుని కుండీ అడుగుదాకా తవ్వుతోంది పిచ్చి జంతువు... ఎంత తవ్వినా దొరక్క, మర్నాడు మళ్లీ తవ్వుతోంది!

పదకొండో కుండీలో వేళ్ల మధ్య ఏదో తళుక్కుమంది. లాగింది.

పిడి వంగిన చిన్న చెంచా. అత్తగారి మందు చెంచా!

ఆ అత్తగారా! పదేళ్లుగా "ముళ్లకి జోల పాడుతున్నావేమే" అని ఎగతాళి చేసిన ఆ మనిషా! మోకాళ్లు వంగక, కుర్చీలోంచి లేవాలంటే నలుగురిని పిలిచే ఆవిడ, అందరికంటే ముందు లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి, ఒక్కో కుండీలో చెంచాడు చొప్పున... ఎందుకు? కుక్క తవ్విన ప్రతిసారీ మొక్క నీరసించిందనుకుని ఇంకో చెంచా! పొడి పెరిగే కొద్దీ కుక్క తవ్వింది. కుక్క తవ్వే కొద్దీ పొడి పెరిగింది!

చెంచా కడిగి, గదిలోకి వెళ్లి, మందు సీసా పక్కన చప్పుడు కాకుండా పెట్టింది. అత్తగారు చెంచా వంక చూసింది. కోడలి వంక చూసింది. గోడవైపు తిరిగి పడుకుంది.

బయట వ్యాన్ హారన్! కండక్టరు వచ్చేశాడు.

చెప్తే కుక్క ఆగుతుంది. కానీ కన్నకొడుకు ముందు, పరాయివాడి ముందు ఆ పెద్దావిడ తల దించుకోవాలి. చెప్పకపోతే... కూతురి ఏడుపు అప్పుడే వీధి దాకా వినిపిస్తోంది. ఆమె వాకిట్లోకి పరుగెత్తింది.

"ఆపండి! కుక్క వెళ్లదు!"

డ్రైవరు గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "పొద్దున నువ్వే కదా, అది ఉండాలో నేనుండాలో అన్నావ్!"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"కారణం?"

"కారణం... ఏం లేదు. వద్దంతే!"

"చూశావా తమ్ముడూ!" డ్రైవరు కండక్టరు వైపు తిరిగి నవ్వాడు. "గంటకో మాట! పూలమొక్కల మధ్య కూర్చుని కూర్చుని మెదడుకీ ముళ్లు మొలిచాయి!"

ఆమె పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. నోరు మాత్రం విప్పలేదు! కుక్కను వ్యాన్ మెట్టెక్కించారు...

"ఒరేయ్! దింపరా దాన్ని!"

అందరూ వెనక్కి తిరిగారు. గడపలో అత్తగారు! ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో తెల్లపొడి డబ్బా! ఎవరి సాయమూ లేకుండా లేచి వచ్చింది!

"తవ్వించింది నేనురా! ఈ పొడి వేసింది నేను! మీ ఆవిడకి తెలిసిపోయింది. తెలిసీ నన్ను కాపాడ్డానికి నీతో మాటలు పడుతోంది! దాన్నా నువ్వు వెక్కిరిస్తావు!"

కండక్టరు బుర్ర గోక్కున్నాడు. "అయితే అన్నా, వ్యాన్‌లో పెద్దమ్మని ఎక్కించుకోమంటావా?"

"ఎక్కించు! ఎక్కుతాను! తప్పు నాదైతే గొలుసు దానికెందుకు?"

కోడలు ఒక్క అంగలో వెళ్లి ఆమెను పట్టుకుంది. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"ఏ మొహంతో చెప్పను అమ్మాయ్?" ముసలావిడ భోరుమంది. "పదేళ్లు వెక్కిరించాను. కిందటి నెల ఆ చిగురు చూసి నువ్వు గంతులేశావే... కిటికీలోంచి చూశాను. ఈ ఇంటికొచ్చాక నిన్నలా చూడటం అదే మొదటిసారి! ఒక్క మొక్క కూడా చావకూడదనుకున్నాను. చివరికి నేనే చంపుకున్నాను..."

"చావలేదు అత్తయ్యా! పట్టీలు ఊడలేదు. పదకొండు బతుకుతాయి! నా చేతి మీద నాకు నమ్మకముంది!" ఆమె ఏడుస్తూనే నవ్వింది. వ్యాన్ లోంచి దూకిన గునపం ఆ ఇద్దరి చుట్టూ గిరగిరా తిరిగింది. కూతురు దాని వెంట తిరిగింది!

డ్రైవరు హమ్మయ్య అనుకున్నాడు. "సరే, తేలిపోయిందిగా. ఉండనివ్వండి. టీ పెట్టు, మావాడు కూడా తాగి వెళ్తాడు." గొలుసు కింద పడేసి లోపలికి నడిచాడు.

"ఆగండి!"

కోడలి గొంతు అలా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"కుండీల సంగతి తేలింది. పరుపెందుకు చింపింది? తలుపెందుకు గీకింది? మీ సీటు దిండు ఎందుకు కొరికింది? దానికీ పొడి చల్లారా ఎవరైనా?" ఆమె కన్నీళ్లు తుడుచుకోలేదు. "రెండేళ్లయింది మీరు దీన్ని సంచిలో పెట్టి తెచ్చి! పొద్దునా సాయంత్రం నేనే తిప్పుతానని కూతురి తల మీద చెయ్యి పెట్టి చెప్పారు. ఎన్నిసార్లు తిప్పారు? ఊళ్లో జనాన్నంతా ఎక్కించుకుని రోజంతా తిప్పుతారే! ఇంట్లో ఉన్న ఒక్క ప్రాణాన్ని వీధి చివరిదాకా తిప్పలేరా? నాలుగు గోడల మధ్య పెడితే అది తలుపు గీక్కుంది. నేనైతే అది కూడా చెయ్యలేదు!"

కండక్టరు మెల్లగా చెప్పులు వేసుకున్నాడు. "అన్నా, టీ రేపు తాగుతాలే."

ఆమె వెళ్లి వీధి తలుపు మూసింది. తలుపు వెనక, మేకుకు, ఎర్ర బెల్టు. రెండేళ్ల నాడు కొన్నది. కొట్టువాడి చీటీ కూడా ఇంకా చింపలేదు!

"తీయండి."

"రేప్పొద్దున..."

"రేపు కాదు. టీ తాగాక కాదు. ఇప్పుడు! ఆ చీటీ చింపండి, బెల్టు దాని మెడకు కట్టండి, తలుపు తీయండి. మీరొచ్చేదాకా నేను నా మొక్కల దగ్గర కూర్చుంటాను. నన్నెవరూ పిలవకండి!"

అతను చెయ్యి చాపాడు. బెల్టు అందుకున్నాడు. గునపం మొరిగిన మొరుగుడు వీధి వీధంతా విన్నది!

ఇక మీరు. మీ తలుపు వెనకా ఒక మేకుంది, దానికో బెల్టు వేలాడుతోంది. పుస్తకం పక్కన పెట్టండి. లేవండి. తీయండి దాన్ని!