అప్పమ్మ వేలికొసన నీలగిరి తైలం

హుగ్లీ నది మీది మంచు కలకత్తా వాట్‌గంజ్ సందులోకి మెల్లగా నడిచొచ్చింది. రేవులో ఓడ కూత, నిద్దట్లో ఎవరో పిలిచినట్టుంది. అప్పమ్మ గూట్లో చెయ్యి పెట్టి తడుముతోంది. నీలగిరి తైలం సీసా లేదు.

కార్పొరేషన్ మురుగుకాలవల్లో దిగే మగాళ్లకు ఆ ఇంట్లో ముప్పయ్యేళ్లుగా అదే రక్ష. గడప దాటేముందు పైపెదవి మీద ఒక చుక్క. అప్పట్లో మొగుడు కోదండానికి, ఇప్పుడు కొడుకు మల్లేశుకి. జలుబుకీ తలనొప్పికీ పనిచేసే తైలం కాలవలోని చెడుగాలికి మాత్రం పనిచేయదా అని ఆమె నమ్మకం. నిన్న మల్లేశు కాలవలో సోలిపోతే తోటి పనివాడు బైరాగి తాడుతో పైకి లాగాడు. తైలం తక్కువైందనుకుంది అప్పమ్మ.

"సుందరీ, సీసా ఏటైందే?"

"నానే దాసినాను అత్తా." కోడలు పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు.

"ఆడు పన్లోకెల్లే ఏళ ఏటీ ఆటలు? ఇయ్యాల రెండు సుక్కలు రాయాల."

"బైరాగి దాదా ఏటన్నాడో ఇన్నావా? నీ కొడుకు కాలవ మూత తీసిన ఎంటనే దిగిపోనాడంట. ముక్కునిండా నీ తైలవే, ఇంక కంపెలాగ తెలుస్తాది? నీ సీసా నిండుగుంటే సాలా, నా మొగుడు ఇంటికి రావద్దా?"

అప్పమ్మ గూట్లోంచి చెయ్యి తీసింది. "ముప్పయ్యేళ్లు మీ మావని ఏది తిప్పి పంపిందే మరి? అడుగు."

మల్లేశు ఎవరివైపూ చూడలేక బనీను తిరగేసి తొడుక్కున్నాడు.

గుమ్మం పక్క మంచం మీద కోదండం టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒలే అప్పీ, నాకు వాసనే తెలవదు."

"ఏటీ?"

"పదిహేనేళ్లయింది. తైలవూ, మురుగూ, నువ్వొండే ఎండుసేపల పులుసూ, అన్నీ ఒకటే."

"మరి నాకు సెప్పలేదేటి?"

"సెప్తే రాయడం మానేస్తావని."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "సెడుగాలి పోడానికి ఇటో మూత, అటో మూత తీసి, రెండు మట్టికప్పుల టీ తాగీదాకా దిగీవోణ్ణి కాదు. పని సేయించే సర్దారు తిట్టినా సరే. నడుంకి తాడు, పైన మడిసి. నన్ను తిప్పి పంపింది అదిరా."

"నాను ఆగలేదయ్యా," అన్నాడు మల్లేశు. "తైలవుంది గదా అనుకున్నాను."

అప్పమ్మ తన వేలివంక చూసుకుంది. ఆ వేలే నిన్న కొడుకుని తొందరపెట్టి లోపలికి దించింది. ఆ వేలి కోసమే మొగుడు పదిహేనేళ్లు మూతి అందించాడు. రెండూ ఒక్కసారే తెలిసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సుందరి బియ్యం డబ్బాలోంచి సీసా తీసి అత్త ఒళ్లో పెట్టింది. "పారీమన్లేదత్తా. తలనొప్పికి అది మంచిదే."

మల్లేశు ఒట్టి మూతితో గడప దాటాడు.

"రెండు కాదురా," అప్పమ్మ వెనకనుంచి అంది, "మూడు టీలు తాగు."

సాయంత్రం వాడు తిరిగొచ్చి స్నానం చేశాక కణతలకు తైలం రాసింది. తర్వాత మంచం దగ్గరికెళ్లింది. కోదండం అలవాటుగా మొహం ఎత్తాడు. ఆమె వేలు ఆయన పైపెదవి మీద ఆగింది.

"ఎలాగుంది వాసన?" అడిగాడాయన.

"మనూరి జీడితోటలో వాన ఎలిసినాక నడుస్తున్నట్టు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇంకా సెప్పు."