టూలమ్మ గూడు

"ఈ టూల్ రాసినవారికి కంప్యూటర్లంటే ప్రాణం. మనుషులంటే మాత్రం అంతంతమాత్రం."

సోమవారం పొద్దున్నే మాన్యువల్ డ్రాఫ్ట్‌లో మొదటి వాక్యం ఇలా కనిపించేసరికి, ఆ టూల్ రాసిన అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఆఫీసంతా ఆమెని టూలమ్మ అంటారు. రెండేళ్ళు ఒంటిచేత్తో రాసిన టూల్ అది. పేరు 'గూడు'.

నల్ల తెర మీద 'గూడు కట్టు' అని కొడితే చాలు. మీ కంప్యూటర్ లోపలే ఇంకో చిన్న లినక్స్ ప్రపంచం లేస్తుంది. అందులో ఏ ప్రోగ్రామైనా రాసుకోండి, విరగ్గొట్టుకోండి, తగలబెట్టుకోండి. బయట చీమైనా కదలదు. పని అయ్యాక 'గూడు కూల్చు' అంటే ఆనవాలు లేకుండా పోతుంది. అలాంటిదాన్ని పట్టుకుని ఇంత మాటా?

మెట్లు రెండేసి చొప్పున దిగి కింది అంతస్తుకి వెళ్ళింది. మాన్యువల్ రాయడానికి కొత్తగా చేరిన కుర్రాడు కిటికీ పక్కన కూర్చుని టీలో బిస్కెట్ ముంచుతున్నాడు.

"మీరేనా రాతగాడు?"

"అవునండీ. మీరు?"

"మనుషులంటే అంతంతమాత్రం అయినదాన్ని."

బిస్కెట్ విరిగి టీలో పడిపోయింది. అతను మాత్రం తడబడలేదు. కుర్చీ ఒకటి లాగి ఆమె ముందు పెట్టాడు.

"ఆ డ్రాఫ్ట్ మీదాకా వస్తుందనుకోలేదు. వచ్చింది కాబట్టి అడుగుతాను. ఇక్కడ 'ఎర్రర్ 47' అంటోంది. అంటే?"

"గూట్లో చోటు నిండిపోయిందని."

"మరి ఆ మాటే అనొచ్చుగా?"

"తెలిసినవాళ్ళకి తెలుస్తుంది."

"తెలిసినవాళ్ళకి నా పుస్తకం ఎందుకండీ?"

టూలమ్మ కుర్చీని పక్కకి నెట్టేసింది. ఆమె వాదనలో ఓడిపోవడం ఆ ఆఫీసులో అంతవరకూ ఎవరూ చూడలేదు. చూసింది అతనొక్కడే కావడంతో ఇంకా ఉక్రోషం వచ్చింది. పైకి వెళ్ళి ఎర్రర్ 47ని మార్చింది. తర్వాత 48ని. సాయంత్రానికి మొత్తం ముప్పై రెండు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం అతని బల్ల దగ్గరే ఆమె లాప్‌టాప్. బయట వాన, లోపల వాదన. అతను అధ్యాయం రాస్తాడు, ఆమె ఎర్ర గీతలు గీస్తుంది, అతను ఆ గీతల మీద మళ్ళీ గొడవ పెట్టుకుంటాడు.

"'తక్షణమే' ఎందుకు కొట్టేశారు? మంచి మాట."

"తక్షణమే కాదు కాబట్టి. నాలుగు సెకన్లు పడుతుంది."

"నాలుగు సెకన్లని తక్షణమే అనకపోతే ఇంకేమంటారు?"

"నాలుగు సెకన్లంటారు."

అతను నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే కొన్ని తప్పులు వెతుకుతున్నానని ఆమెకి అర్థమయ్యేసరికి పది రోజులు గడిచాయి.

ఇంతలో మేనేజర్ మేడమ్ కబురు పెట్టారు. శుక్రవారం మిగతా టీములన్నిటి ముందూ గూడుని చూపించాలి. వాళ్ళకి నచ్చితే కంపెనీ అంతా ఇదే వాడుతుంది. నచ్చకపోతే బయటినుంచి ఇంకోటి కొంటారు, గూడు మూలకి పోతుంది.

"నచ్చుతుంది మేడమ్," అంది టూలమ్మ. అందులో ఆమెకి అణువంత అనుమానం లేదు.

బుధవారం అతను పైకి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గూడు కూల్చాను. నా పుస్తకం పోయింది. పన్నెండు అధ్యాయాలూ."

"గూట్లో పెట్టుకుంటే పోతుంది మరి. మీరే రాశారుగా ఆ మాట!"

"గూట్లో పెట్టలేదండీ. బయట నా ఫోల్డర్‌లోనే ఉంది. లోపలికి కనిపించేలా కిటికీ తెరిచానంతే."

"అయితే పోయే ఛాన్సే లేదు. మీరే ఏదో నొక్కి ఉంటారు."

అతను "సరే," అని వెళ్ళిపోయాడు. వాదించి ఉంటే బాగుండేది. ఆ 'సరే' ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

అతనిదే తప్పని నిరూపిద్దామని కూర్చుంది. పదకొండుసార్లు గూడు కట్టింది, కిటికీ తెరిచింది, కూల్చింది. ఏ ఫైలూ పోలేదు. పన్నెండోసారి, అచ్చం అతను పెట్టుకున్నట్టే ఫోల్డర్‌కి 'నా పుస్తకం' అని పేరు పెట్టింది. రెండు మాటలు, మధ్యలో ఖాళీ.

కూల్చింది. ఫోల్డర్ ఖాళీ అయిపోయింది.

ఆమె కోడ్ తెరిచి వరసగా చూసింది. గూడు కూల్చేముందు టూల్ కిటికీ మూయాలి. పేరులో ఖాళీ ఉంటే మొదటి మాట చదివి ఆగిపోతోంది. కిటికీ మూసుకోవడం లేదు. కూల్చే చెయ్యి అందులోంచి బయటికి వెళ్ళి, దొరికిందల్లా ఊడ్చేస్తోంది. ఆమె ఎప్పుడూ ఫోల్డర్లకి ఒక్క మాట పేర్లే పెట్టుకుంటుంది. అందుకే రెండేళ్ళలో ఒక్కసారీ బయటపడలేదు.

ముందు మేనేజర్ మేడమ్‌కి చెప్పింది. "శుక్రవారం దాకా టైముంది. సరిచెయ్యి. దాచకు," అన్నారావిడ. తర్వాత కింది అంతస్తుకి వెళ్ళింది. పాతికమంది తలలెత్తి చూస్తున్నారు.

"తప్పు మీది కాదు, నాది. నా టూలే మీ పుస్తకాన్ని తుడిచేసింది. పైగా మిమ్మల్నే అన్నాను. క్షమించండి."

అతను నెమ్మదిగా కుర్చీ లాగాడు. "కూర్చోండి. మళ్ళీ రాద్దాం. కాకపోతే నాకు సగం కూడా గుర్తులేదు."

"నాకు గుర్తుంది," అంది ఆమె. కళ్ళు తెర మీదే పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి అధ్యాయం, రెండోది, మూడోది. అతని వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా వస్తున్నాయి, అతని ఛలోక్తులతో సహా. టైపు చేస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఒక్కసారి చదివితే ఇంత గుర్తుంటుందా?"

"ఉండదు."

"మరి?"

"ఒక్కొక్కటీ నాలుగైదుసార్లు చదివాను." చెవులు ఎర్రబడ్డాయి. "టైపు చెయ్యండి. ఇంకా తొమ్మిదున్నాయి."

అతను మారుమాట్లాడకుండా టైపు చేశాడు. కాకపోతే తర్వాతి పేజీ నిండా అక్షరదోషాలే.

శుక్రవారం హాలు నిండిపోయింది. ఆమె గూడు కట్టింది, నడిపింది, నాలుగు సెకన్లలో కూల్చి చూపించింది. వెనక వరసలోంచి ఎవరో లేచారు. "మొన్న ఇది ఎవరి ఫైళ్ళనో మింగేసిందట కదా?"

"మింగింది," అంది ఆమె. "తప్పు నాదే. సరిచేశాను. పేరులో ఖాళీ ఉన్నా ఇప్పుడు కిటికీ మూసుకుంటుంది. ఒకవేళ మూసుకోకపోతే కూల్చడం ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో మామూలు మాటల్లో చెబుతుంది."

"చెప్పడం తేలికే," అన్నారు వెనకనుంచి.

అప్పుడు రాతగాడు లేచి వచ్చాడు. తన లాప్‌టాప్‌ని పెద్ద తెరకి కలిపాడు. "మింగింది నా ఫైళ్ళేనండీ. ఇదిగో, 'నా పుస్తకం'. రాసిందంతా ఇందులోనే ఉంది." గూడు కట్టి, కిటికీ తెరిచాడు.

"కాపీ తీసుకున్నారా?" ఆమె గుసగుసగా అడిగింది.

"లేదు."

"ఆగండి!"

అతను 'గూడు కూల్చు' అని కొట్టి ఎంటర్ నొక్కేశాడు. నాలుగు సెకన్లు. గూడు పోయింది. పన్నెండు అధ్యాయాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. హాలంతా చప్పట్లు. మేనేజర్ మేడమ్ వెనక వరస వైపు తిరిగి, "ఇంకేమైనా అడగాలా?" అన్నారు. ఎవరూ అడగలేదు.

బయట వరండాలో ఆమె అతన్ని నిలేసింది.

"బుద్ధుందా? పోయుంటే?"

"మీరు సరిచేశానన్నారు కదా."

"అంటే మాత్రం? కాపీ తీసుకోరా?"

"తీసుకుంటే నేను నమ్మినట్టు ఎలా తెలుస్తుంది మీకు?"

వాన జల్లు వరండాలోకి కొడుతోంది. ఇద్దరూ పక్కకి జరగలేదు.

"నమ్మకం సంగతి సరే," అంది ఆమె. "నేనంటే ఇష్టమేనా? సూటిగా చెప్పండి."

"చాలా. మొదటిరోజు బిస్కెట్ పోయినప్పటినుంచీ."

"నాకూ అంతే. ఆదివారం ఇంటికి రండి. నాన్నకి చెబుతాను."

వాళ్ళ నాన్న లిఫ్ట్ మెకానిక్. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆదివారం అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"మా అమ్మాయి మొండిది బాబూ. ముందే చెబుతున్నా."

"తెలుసండీ."

"తన తప్పు చచ్చినా ఒప్పుకోదు."

"ఒప్పుకుందండీ. పాతికమంది ముందు క్షమాపణ కూడా అడిగింది."

ఆయన చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమేవ్, ఇలా రా! నీ కూతురు ఎవరికో సారీ చెప్పిందట!"

వాళ్ళమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, అతని పక్కనే కూర్చుంది. "నిజమేనా నాయనా? ఏ మాటతో చెప్పింది? మొదట్నించీ చెప్పు."

"అమ్మా!" అంది టూలమ్మ.

"నువ్వాగవే," అన్నాడు నాన్న. "బాబూ, పెళ్ళెప్పుడు పెట్టుకుందామంటావ్?"

అతను నోరు తెరిచేలోపే జవాబు ఆమె దగ్గరనుంచి వచ్చింది.

"వచ్చే నెల. సెలవు చీటీలు ఇద్దరివీ రాసేశాను."