రొట్టెకు పూయరాని ఊరగాయ

“రెండు ముక్కల ఇంగ్లీషుకు ఆరు లైన్ల ఫ్లెమిషా, టీచరమ్మా?”

విశ్వాసమ్మ కలం పక్కన పెట్టింది. “తినే పద్ధతి గూడా రాసినా.”

“మేం చెప్పలేదే.”

“చెప్పల్సింది.”

జ్ఞానరాజుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పైగా రాసేటప్పుడు ఆమె నవ్వడం కళ్లారా చూశాడు. తన అమ్మ పెట్టిన ఊరగాయను తిట్టిపోసిందేమో, ఎవరికి తెలుసు?

1936. జ్ఞానరాజు వాళ్లమ్మ పెట్టిన మామిడి ఊరగాయ బెల్జియంలోని ఆంట్వెర్ప్ వర్తకుడొకడికి నచ్చింది. సీసాల మీద చీటీ మాత్రం తమ ఫ్లెమిష్ భాషలోనే ఉండాలన్నాడు. ఈ సరుకు చెల్లితే మూతపడబోతున్న వాళ్ల కొట్టు నిలబడుతుంది. మద్రాసు దాకా వెతికినా ఆ భాష వచ్చినవాళ్లు దొరకలేదు. చివరికి బెల్జియం సిస్టర్లు నడిపే కడప కాన్వెంటులో పెరిగి, అక్కడే పాఠాలు చెబుతున్న ఈ పిల్ల దొరికింది.

“చీటీలో ఏముండాదో ఒట్టేసి చెప్పండి.”

“చెప్తే నమ్ముతావా?”

“నమ్మను.”

“మరి ఎందుకప్పా దినామూ వస్తాండావు?”

జ్ఞానరాజు చీటీని మళ్లీ తిరగేసి చూశాడు. అనుమానం తీరిపోతే రావడానికి సాకుండదని అతని భయం.

ఆ సాయంత్రం ఆమెకు భాష నేర్పిన గొడలీవ్ సిస్టర్ కర్నూలు నుంచి తిరిగొచ్చింది. జ్ఞానరాజు వరండాలోనే చీటీ ఆమె చేతికిచ్చాడు. సిస్టర్ చదివి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

“నేనొచ్చిన కొత్తలో ఊరగాయను జామ్ అనుకొని రొట్టెకు దట్టంగా పూసుకొని తిన్నా నాయనా. నోరు మండిపాయె. మావాళ్లంతా అదే పని చేస్తారు. అన్నంలోకి రవ్వంత చాలని రాసింది. ఇది లేకుంటే ఇంకో సీసా ఎవరూ కొనరు.”

జ్ఞానరాజు తల వంచుకున్నాడు. “ఇంకెప్పుడూ అర్థం అడగను, టీచరమ్మా.”

“చూద్దాం.” విశ్వాసమ్మ అతని కళ్లలోకి చూసి ఫ్లెమిష్‌లో అంది. “ఇక్ జీ యు ఖ్రాఖ్.”

అతను అడగలేదు. పెదవి కొరుక్కున్నాడు గానీ అడగలేదు.

“మీ ఊరగాయలో ఉప్పు ఎక్కువైందన్నా,” అంది ఆమె.

అతని ముఖం వాడిపోయింది. “సరే. అమ్మకు చెప్తా.”

“అబద్ధం,” అంది సిస్టర్. “నిన్ను చూస్తే ఇష్టంగా ఉండాది అనింది. మా ఊర్లో ప్రేమను అట్లే చెప్తారు.”

విశ్వాసమ్మ పమిట కొంగుతో ముఖం దాచుకుంది.

జ్ఞానరాజు ఆమె దగ్గరికొచ్చాడు. “ఇంకోసారి నిదానంగా అను. నేనూ నేర్చుకోవల్ల.”