అబ్బా బతికే ఉన్నారండీ!

“మా అబ్బాని చంపేశారేంటండీ మీరు?”

నందిగామ బస్టాండు ఎదురుగా తన నెట్ సెంటర్లో కూర్చున్న ఐజాజ్ ఉలిక్కిపడి తలెత్తాడు. వానకి తడిసిన చున్నీ, కోపంతో ఎర్రబడ్డ ముక్కు. పోయిన నెల చిల్లకల్లు నుంచి తల్లితో వచ్చి స్కాలర్‌షిప్‌కి అప్లై చేసిన అనీసా.

“నేనా? చీమని కూడా చంపలేదండీ!”

“నా అప్లికేషన్లో ‘తండ్రి లేరు’ అని పెట్టారు, సెలెక్షన్ లిస్టులో చూశాను. ఆయన ముక్త్యాలలో సిమెంటు లారీ నడుపుతున్నారు. టిఫిన్ తిన్నావా అని ఇందాకే ఫోన్ కూడా చేశారు.”

ఐజాజ్‌కి గుర్తొచ్చింది. ఆ రోజు వాళ్ళమ్మ మీరాబీ మెడలో నల్లపూసలు లేవు. అయ్యో పాపం అనుకున్నాడు. అడిగి బాధపెట్టడం దేనికని తనే టిక్కు పెట్టేశాడు. నసుగుతూ అదే చెప్పాడు.

“నల్లపూసలు తెగిపోతే గుచ్చడానికిచ్చాం. ఓ మాట అడగొచ్చుగా?”

“తప్పు నాదేనండీ. కానీ...” ఐజాజ్ గొంతు తగ్గించాడు. “స్కాలర్‌షిప్ ఇచ్చే ట్రస్టువాళ్ళు తండ్రిలేని పిల్లల కోటాలో మిమ్మల్ని సెలెక్ట్ చేసేశారు. దిద్దితే అది పోతుంది. అది పోతే మీ నర్సింగ్ చదువూ పోతుంది. ఎవరూ చూడరు, వదిలేయండి.”

అనీసా కళ్ళు నిండాయి. “నర్సింగంటే నాకు ప్రాణం. కానీ అబ్బా లారీ ఎక్కిన దగ్గర్నుంచి ఇంటికొచ్చేదాకా అమ్మ దువా చేస్తూనే ఉంటుంది. ఆయన లేరని చెప్పి నేను చదువుకోనా? నోరెలా వస్తుందండీ?”

ఐజాజ్ తన కుర్చీ వంక చూసుకున్నాడు. మన సొమ్మేం పోయిందనుకుంటూ ఈ కుర్చీలోనే ఎన్ని అబద్ధాలు టైపు చేశాడో! చేతికొచ్చిన అదృష్టాన్ని వదులుకోవడానికి వానలో తడుస్తూ వచ్చిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు.

షట్టర్ దించేశాడు. “పదండి, జగ్గయ్యపేట ఆఫీసుకి. తప్పు నాదని నేనే చెప్తా.”

“మీ సెంటర్‌కి మాటొస్తుందేమో?”

“రానివ్వండి.”

ట్రస్టు ఆఫీసులో మేనేజరు దశరథరామయ్య గారు జరిగిందంతా విని ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. “పేరు కొట్టేస్తానమ్మా. మామూలు కోటాలో పరీక్ష రాయాలి. వస్తుందన్న నమ్మకం లేదు. సరేనా?”

“సరేనండీ.” అనీసా తల దించలేదు.

“ఇలాంటి పిల్లని నా సర్వీసులో చూళ్ళేదయ్యా!” అన్నారాయన.

“నేనూ చూళ్ళేదండీ,” అన్నాడు ఐజాజ్ ఆమెనే చూస్తూ. అనీసా చటుక్కున మొహం తిప్పేసుకుంది.

పరీక్షదాకా పాత ప్రశ్నపత్రాలన్నీ ఐజాజే ప్రింటు తీసిచ్చాడు. డబ్బులు తీసుకోమంటే, “ప్రింటర్ టెస్టింగండీ” అనేవాడు.

“మళ్ళీ అబద్ధం!” అని దెబ్బలాడేది అనీసా.

రిజల్ట్ రోజు పరిగెత్తుకొచ్చింది. “వచ్చిందండీ! నా మార్కులతోనే వచ్చింది!”

ఆ సంతోషంలో ఐజాజ్‌కి భయం కూడా పోయింది. “అనీసా గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది మాత్రం అబద్ధం కాదు.”

ఆమె జవాబిచ్చేలోపే గుమ్మంలో ఎవరో దగ్గారు. ఖాకీ చొక్కా, దాని నిండా సిమెంటు దుమ్ము, ఆరడుగుల మనిషి.

“అబ్బా!” అంది అనీసా.

“ఎవరబ్బాయివి బాబూ?” అన్నాడాయన గంభీరంగా.

నందిగామలో సగం మందికి తండ్రి పేరు టైపు చేసిన ఐజాజ్‌కి ఆ క్షణాన సొంత తండ్రి పేరు తట్టలేదు.

“నాగూర్ బాషా గారబ్బాయి అబ్బా,” అనీసా గబగబా అందుకుంది. “బజార్లో టైలర్ షాపు. చెల్లెలు ఆసిఫా టెన్త్ చదువుతోంది. సిగరెట్ అలవాటు లేదు.”

ఇవేవీ ఐజాజ్ ఆమెకి చెప్పలేదు.

పెద్దాయన కూతురి వంక ఓసారి చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “సరే, మీ నాన్నకి ఫోన్ కలుపు,” అన్నాడు.