శిథిలాల్లో మా అమ్మను పిలిచిందెవరు?

పరాయి దేశపు శిథిల నగరంలో రాతితో కట్టిన స్నానశాల ఒకటి ఉంది. దానికి చెడ్డపేరు. పొద్దు వాలాక అందులో ఒక ఆడమనిషి తిరుగుతుందట... ఇప్పటికి ముగ్గురు కాపలావాళ్లు పని మానేసి పోయారట. నేను చూడలేదు. మా తమ్ముడి కూతురు బుల్లి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తప్పుంటే దేవుడు మన్నించాలి.

బుల్లి అసలు పేరు మా అమ్మ పేరే. అమ్మ పోయిన ఏడాదికి పుట్టిందని పెట్టాం. కానీ ఆ పేరుతో పిల్లను కేకలెయ్యడానికి మా మరదలికి నోరెలా వస్తుంది? అత్తగారి పేరాయె! అలా ఇంటా బయటా బుల్లి అయిపోయింది. అసలు పేరు కాగితాల్లోనే మిగిలింది.

వీపున సంచి తగిలించుకుని ఒక్కతే దేశాలు తిరిగే రోజుల్లో, చవకగా అయిపోతుందని ఊరి బస్సెక్కి ఆ శిథిలాలు చూడబోయింది. సంచిలో రొట్టె, రెండు అరటిపళ్లు. తిరుగు బస్సు ఆరింటికి ఒక్కటే. అది తప్పితే తెల్లారేదాకా ఆ రాళ్ల మధ్య జాగారమే.

ఐదున్నరకి స్నానశాలలో ఉంది. పైకప్పు లేదు. గోడల నిండా చీకటి గూళ్లు. నరమానవుడు లేడు. గాలి కూడా ఆగిపోయింది...

అప్పుడు, వెనకనుంచి — పిలుపు.

ఇంటిపేరుతో సహా... మా అమ్మ పేరు!

ఈ దేశం కాని దేశంలో నాన్నమ్మను పిలిచేదెవరు? మళ్లీ పిలిచింది ఆ గొంతు. ఈసారి దగ్గరగా... ఆయాసపడుతూ...

ఇలాంటప్పుడు దేవుణ్ణి తలుచుకోవే అని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. తలుచుకుందా? లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని అరిచింది.

"ఆవిడ లేరు! చచ్చిపోయి ఇరవై ఎనిమిదేళ్లయింది!"

కళ్లు తెరిస్తే, గుమ్మంలో కాపలా మనిషి. కొత్తగా చేరిన నాలుగోవాడు. చేతిలో తెరిచిన పాస్‌పోర్టు. టికెట్ కిటికీ దగ్గర ఈ మహాతల్లి మరిచిపోయి వచ్చిందే! అతను ఫొటో చూశాడు. బుల్లిని చూశాడు. మళ్లీ ఫొటో...

ఒక్క కేక పెట్టి పరుగందుకున్నాడు — పాస్‌పోర్టుతో సహా.

"ఆగండి! అది నాదే!"

నాదే అనేసరికి ఇంకా జోరు పెంచాడు. టికెట్ గదిలో దూరి గడియ వేసుకుని, కుర్చీ కింద నక్కాడు. ఆరుకు పది నిమిషాలు. బస్సాగే చోటికి నడక ఎంత లేదన్నా పావుగంట. పాస్‌పోర్టు లేకపోతే ఇల్లు చేరడమే లేదు.

"బ్రదర్, ఇచ్చెయ్యండి... ఇంటికి వెళ్లాలి."

కుర్చీ కింద నుంచి గుసగుస. "మేడమ్... మీరు ఎలా పోయారు?"

నాన్నమ్మ పేరు మనవరాలికి పెట్టడం, అత్త పేరు కోడలు నోరెత్తి పలకకపోవడం — ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేసరికి తెల్లారదూ? బుల్లి నిట్టూర్చింది.

"బస్సు తప్పిపోయి" అంది నెమ్మదిగా.

కిటికీ సందులోంచి పాస్‌పోర్టు బయటికి వచ్చింది. చీపురు కర్రతో తోశాడు. వెంటనే లోపల ఎవరికో ఫోను చేస్తున్న చప్పుడు.

ఏం చెప్పాడో ఏమో. ఆరూ పదికి రొప్పుతూ చేరితే, బస్సు కదలకుండా నిలబడి ఉంది. డ్రైవరు దిగి, తలుపు పట్టుకుని, తలొంచుకుని నిలుచున్నాడు. జనమంతా వెనక సీట్లలో ఒకరి ఒళ్లో ఒకరు. ముందు వరసలన్నీ మా బుల్లికే.

టికెట్ కూడా అడగలేదట.