మీసంతో సహా

“మా నాయన బతికే ఉన్నాడు మావా. ఇప్పుడే నాతో మాట్లాడాడు. మరి నీ షాపులో నాకు గుండు ఎవడు రాయించాడు?”

గౌరునాయుడు సెలూన్ గడపలోనే నిలబడి అడిగాడు. గొంతు పెంచలేదు. అందుకే పైడిరాజుకి భయమేసింది. కుర్చీ దుమ్ము దులుపుతున్న తువ్వాలు చేతిలో అలాగే ఉండిపోయింది. గోడ గడియారంలో రెండూ ముప్పై అయిదు.

“గుండేటి బాబూ?”

“గురువారం పొద్దున్న ఆరింటికి. గుండు, మీసంతో సహా. ఆ సంగతి వేళమ్మ ఆస్పత్రికి మోసింది. మూడింటికి నాయన గుండెకి ఆపరేషన్. ఆ వేళ కొట్టేసింది. మూడు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఇంకో వేళ దొరికేదాకా ఆ గుండె తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు.”

పైడిరాజుకి అర్థమైంది. ఆ ఊళ్ళో తండ్రి ఉన్న మగాడు మీసం తీయించడు. తీయించాడంటే తండ్రి పోయి పదో రోజు. మనుషులకి తెలిసిన ఈ సంగతిని, ఆరేళ్ళ కిందట మనుషులే వేళమ్మకీ నేర్పారు.

దాని అసలు పేరు సమయసంధాత. జనం నోట్లో వేళమ్మ అయింది. క్షవరం నుంచి పంటి వైద్యం దాకా ఎవరికి ఎప్పుడు ఎక్కడ వేళ కుదరాలో అదే చూస్తుంది. ఫోన్ చెయ్యక్కర్లేదు. నోటితో ఒక మాట అంటే చాలు, వింటుంది, “అలాగే” అంటుంది. ఒకచోట వేళ కుదిరితే మిగతా చోట్ల దానికి తగ్గట్టు సర్దేస్తుంది. ఒక్క నిమిషం వృథా పోనివ్వదు. వచ్చినవాడు వచ్చినట్టే కుర్చీలో కూర్చుంటాడు, అయినవాడు అయినట్టే లేచిపోతాడు. కాచుకునేవాడే లేకపోయాక పైడిరాజు గోడవార బల్ల కూడా తీసేశాడు. ఇప్పుడక్కడ గచ్చు మీద నాలుగు కాళ్ళ మచ్చలే మిగిలాయి.

బల్ల ఉండుంటే, దాని మీద కూర్చున్న నలుగురిలో ఒకడైనా “వీళ్ళ నాయన తవిటినాయుడికేం, నిన్ననే ఆస్పత్రిలో పలకరించొచ్చాను” అనుండేవాడు.

“అక్కడ మనుషులు లేరా బాబూ? కళ్ళతో చూస్తన్నారు కదా?”

“నర్సమ్మ పక్కనే ఉంది. నా పెద్దకర్మ భోజనానికి నువ్వూ రావాలమ్మా అని నాయన ఆవిడతో పరాచికాలాడుతున్నాడు. వేళ లేకపోతే ఆపరేషన్ గది తలుపు తెరుచుకోదు మావా. డాక్టరు కూడా బయటే నిలబడ్డాడు.”

పైడిరాజు అద్దం పక్కనున్న వేళమ్మ పలక వైపు తిరిగాడు. “వేళమ్మా, గురువారం ఆరింటి వేళ రద్దు చెయ్యి.”

“చేయలేను.” మెత్తటి గొంతు, ఇంటి ఆడపడుచులా. “కర్మ వేళలు ఎవరు పడితే వాళ్ళు మార్చకూడదు. ఎవరి గొంతుముద్ర మీద రాసుకున్నానో వాళ్ళే మాట వెనక్కి తీసుకుని, పేరు చెప్పాలి.”

“ఎవరి గొంతది?”

“నేను చెప్పకూడదు. వాళ్ళే చెప్పాలి.”

గౌరునాయుడు పళ్ళు నూరాడు. “ఇంకెవరు, మా బావ లోకనాథం. మొన్న ఇక్కడే గెడ్డం గీయించుకున్నాడు కదా. పొలం మాట వచ్చిన దగ్గర్నుంచి మావగారు ఎప్పుడు పోతాడా అని చూస్తున్నాడు.”

ఫోన్ కలిపి పలక దగ్గర పెట్టాడు. అవతల లోకనాథం ముందు తిట్టాడు, తర్వాత ఏడ్చినంత పని చేశాడు. చివరికి “ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, నా పేరు లోకనాథం” అన్నాడు.

“ఇది ఆ గొంతు కాదు,” అంది వేళమ్మ.

రెండూ నలభై తొమ్మిది.

“పోనీ ఎప్పుడు రాయించారో చెప్పు,” అన్నాడు గౌరునాయుడు.

“పోయిన శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంటా పది.”

“ఆ టైముకి షాపులో ఎవరున్నారు మావా?”

“ఎవరూ లేరు బాబూ.”

అన్నాక పైడిరాజు పలక వైపు చూశాడు. నిజమే, ఎవరూ లేరు. బల్ల పోయిన దగ్గర్నుంచి మధ్యాహ్నాలు అద్దంతో మాట్లాడుకోవడం అలవాటైంది. ఆ రోజు రాలిన జుట్టు ఊడుస్తూ, ముప్పై ఏళ్ళు తను దువ్విన తల గుర్తొచ్చి, “రెండు నెల్లయింది తవిటినాయుడు గారు రాక. ఇంకేం వస్తారు? వచ్చే గురువారానికి కొడుక్కి గుండే, మీసంతో సహా” అన్నాడు. బెంగతోనే అన్నాడు.

“అలాగే,” అంది వెనకనుంచి వేళమ్మ.

అది ఊఁ కొట్టిందనుకున్నాడు. ఇన్నాళ్ళకి తన మాటకి బదులిచ్చే తోడొకటి దొరికిందని, ఆ పూట కాస్త సంతోషపడ్డాడు కూడా.

తథాస్తు దేవతలు తిరుగుతుంటార్రా, కత్తి పట్టినవాడి నోట చావు మాట రాకూడదు అనేది అమ్మ. ఆ దేవతలు ఆకాశంలో ఉంటారనుకున్నాడు గానీ, అద్దం పక్కన మేకుకి వేలాడుతుంటారనుకోలేదు.

పేరు బయటపడితే ఊళ్ళో ఎవడూ ఈ కుర్చీలో కూర్చోడు. బతికున్న మనిషికి పదో రోజు పెట్టినవాడి చేతికి ఎవడు మెడ ఇస్తాడు? నోరు మూసుకుంటే మాత్రం ఎవరికీ తెలీదు. వేళమ్మ చెప్పదు. మూడు దాటితే ఇక అడిగేవాడూ ఉండడు.

గౌరునాయుడు గచ్చు మీద కూలబడ్డాడు, సరిగ్గా ఆ నాలుగు మచ్చల మధ్య. “మావా, ఆ శుక్రవారమే నాయన నిన్నడిగాడు. పైడిరాజుని ఆస్పత్రికి రమ్మనరా, తల బరువెక్కిపోయింది, వాడైతే నాలుగు కబుర్లు కూడా చెప్తాడు అన్నాడు. నేనే నీకు చెప్పడం మరిచిపోయాను.”

రెండూ యాభై ఏడు.

పైడిరాజు తువ్వాలు కుర్చీ చేతి మీద వేశాడు. పలకకి ఎదురుగా నిలబడ్డాడు.

“వేళమ్మా. శుక్రవారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.”

గౌరునాయుడు తలెత్తాడు. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. ముందుగా తిప్పుకున్నది గౌరునాయుడే.

“పేరు చెప్పండి,” అంది వేళమ్మ.

“సూరయ్య కొడుకు పైడిరాజు.”